సాలెవీథి నిబంధన

హేమంతము కడముట్టి శిశిరము తొంగిచూచుచున్న యా పుష్యమాస ప్రభాతమున తుహినావరణము నించుక తొలగించుకొని బాలభానుని లేతకిరణములు రవ్వలపాటి సాలెవీథిపై వ్రాలునప్పటికి ఆ వీథి యీ కొననుండి యా కొనదాక సాచిన పడుగులచేత ధవళ హరిద్రా నీల శోణ రేఖా రంజితమై కన్నులపండువుగా నుండెను. కొయ్యకాళ్ళపై బిగించిన నూలుపోగుల కిరుప్రక్కల నిలిచి స్త్రీలు గంజి చిలుకరించుచుండ పురుషులు వెడల్పాటి కుంచెలతో దువ్వుచు ముందునకును వెనుకకును నడచుచుండిరి. దుమ్ము రేగిన నూలు చెడును గనుక ఆ రెండు గడియలకాలము ఆ వీథిలో బండి కదలదు పశువు తిరుగదు. పసిపాపలు సయితము పడుగుక్రిందుగా వంగి వంగి పోవుదురు. పిమ్మట నింటింట మగ్గములు మ్రోయనారంభించును.

ఆ మ్రోత వినుటయే తాడూరి నరహరి పంతులుగారి యుద్యోగము. ఆయన రవ్వలపాటి పురపాలక సంఘమున ఏ వీథిలో నే పని జరుగవలయునో యేది జరుగగూడదో పరీక్షించు నధికారి. నెలకొకమాఱు సాలెవీథికి వచ్చి ఇంటింటి యరుగుపై నిలిచి చెవియొగ్గి చేతిపుస్తకమున నొక్కొక్క పంక్తి వ్రాసికొని పోవుచుండును. లోనికి మాత్రము పోడు. మగ్గము నడుచుచున్నపుడు పరాయివాడు గడప దాటినచో నేతకాని మనసు చెదరి పోగు తెగునని యా వీథివారి పట్టింపు. ఆ యాచారమును పంతులుగారు తమ జందెమంత భద్రముగా మన్నించుచుండిరి.

ఇరువదియేండ్ల క్రిందట ఆ వీథికి పెద్ద యాపద వచ్చెను. వీథి విశాలముగా నున్నదిగదా యని నూనెవర్తకులు కొందఱు ఇండ్లు కొని గానుగలు నాటి బస్తాలబండ్లు బారులు తీర్పగా పడుగు సాచుటకు చోటు లేక నేతవారు లబోదిబోమనిరి. అప్పుడు యౌవనోత్సాహభరితుడును కరుణార్ద్రహృదయుడునునగు నరహరి పంతులే మూడుదినములు కూర్చుండి నిబంధన యొకటి వ్రాసి సంఘమువారిచే నొప్పించెను. సాలెవీథి యిండ్లలో నేతయు నివాసమును దక్క వేఱొక వృత్తి సాగరాదు. ఏ యింట మగ్గము ఆఱు నెలలు నిలిచిపోవునో యా యిల్లు మఱియొక నేతకాని కీయబడవలయును. ఇంతే నిబంధన. గానుగలు పెరికివేయబడెను. బండ్లు దారి మార్చుకొనెను. ఆ సంతోషమున వీథిలోకెల్ల పనితనమున మిన్నయైన గుత్తి భావనయ్య యెఱ్ఱయంచు ఉత్తరీయమొకటి స్వయముగా నేసి తెచ్చి పంతులుగారి భుజములపై కప్పెను. పరీక్షకు వచ్చు ప్రతిదినమును పంతులుగారు దానినే ధరించుచుండిరి. తాము చేసిన మేలును తామే భుజాన మోసికొని తిరుగుట వారికి ముచ్చటగా నుండెడిది కాబోలు.

కాలము భావనయ్యపై దయ చూపలేదు. ఒక్కగానొక్క కుమారుడు విషజ్వరమున పోయెను. ఆ దుఃఖము తీరకమున్నే ముదుసలి రెండు కన్నులును పొరలు గ్రమ్మి చీకటులయ్యెను. తెగిన పోగు వెదకి ముడివేయలేనివానికి నూలిచ్చు షావుకారెవ్వడు? మగ్గము నాలుగు నెలలు మూలవడియుండెను. అప్పుడు కోడలు తిరుపతమ్మ కన్నీరు తుడుచుకొని కొంగు బిగించి అరుగుమీద పొయ్యి పెట్టి అట్లు పోసి యమ్మసాగెను. తెల్లవాఱుజామునుండి పడుగు దువ్వి యలసినవారికి ఆ వేడియట్లు ప్రాణము లేచివచ్చునట్లుండెను. వీథివారెల్లరును తినిరి. కాదన్నవాడొక్కడును లేడు.

ఆ నెల పరీక్షకు వచ్చిన పంతులుగారు మాత్రము పెనము చూచి నిలిచిపోయిరి.

“ఇదియేమి యమ్మాయీ? ఈ వీథిలో నేత దక్క వేఱు వృత్తి కూడదని యెఱుగవా?”

తిరుపతమ్మ అట్లకాడ ప్రక్కన పెట్టి లేచి నిలుచుండెను. “ఎరుగుదును బాబుగారూ. మావకి చూపు పోయింది, నూలిచ్చేవాళ్ళు లేరు. నాలుగట్లు పోసుకుంటే మా ఇద్దరి పొట్టా గడుస్తుంది. ఆ రూలు మీరు నేతోళ్ళ కోసమే రాశారని మావ ఎప్పుడూ చెప్తుంటాడు. మరి మేం నేతోళ్ళం కామా?”

పంతులుగారికి జాలి కలుగకపోలేదు. కాని యా జాలి వెనువెంటనే భయమొకటి తలయెత్తెను. నూనెవర్తకులు నేటికిని సందు దొరకునా యని కాచుకొనియే యుండిరి.

“అమ్మా! నేడు నీ పెనమునకు దారి విడిచితినేని రేపు దాని వెనుక నూనెకొట్టు వచ్చును. ఎల్లుండి గానుగ వచ్చును. అప్పుడు నేనేమని కాదనగలను? వ్రాసినవాడనే నేను తప్పించినచో నిక నిలుపువా రెవ్వరు?”

ఆ మాటలు విని లోపలినుండి భావనయ్య గోడ తడవుకొనుచు వెలికి వచ్చెను. “పంతులుగారన్నది నిజమేనమ్మా. పొయ్యి ఆర్పెయ్యి. ఆ గానుగల రోజులు నువ్వు చూళ్ళేదు.” పిదప కానరాని కన్నులు పంతులుగారివైపు త్రిప్పి యడిగెను. “మగ్గం ఆడితే ఇల్లు మాదేనా బాబూ?”

“మగ్గము నడచినంతకాలము నీ యింటివంక నెవ్వడును వ్రేలు చూపజాలడు.”

“అయితే ఆడుద్ది. మీకు మాటిస్తున్నాను.”

మఱునెల పంతులుగారు వచ్చునప్పటికి ఆ యింట మగ్గము మ్రోయుచుండెను. ఏ షావుకారికో దయ కలిగియుండును, ముదుసలి చేతులకు పని గుర్తుండును, నిబంధన యొక యిల్లు నిలబెట్టినది యని ఆయన పొంగిపోయి పుస్తకమున మగ్గము నడుచుచున్నది యని ముత్యములవంటి యక్షరములతో వ్రాసికొనెను. మ్రోత విని నేయుచున్నది ధోవతియో చీరయో చెప్పగలనని నలుగురిలో గొప్పలు చెప్పుకొను నా చెవికి ఆ చప్పుడు కొంచెము కటువుగా పొడిగా తోచినమాట నిజమే. పాత కొయ్యగదా ముసలిచేయిగదా యని సరిపెట్టుకొనెను. వినదలచినంతే వినుట మనుష్యుని చెవికి బాగుగా తెలియును.

ఇట్లు ఎనిమిది నెలలు గడచెను. తిరుపతమ్మ పొరుగువీథులలో వడ్లు దంచి నూకలు తెచ్చి గంజి కాచుచుండ ముదుసలి ఆకలి లేదని తన పాలు సగము కోడలివైపే త్రోయుచుండెను. వీథివారికి సంగతి తెలియదనుకొనుట పొరపాటు. వారికి తెలియును. ఇల్లు పోవునను భయమున నెవ్వరును పెదవి విప్పలేదు.

నేటి యీ పుష్యమాస ప్రభాతమున పంతులుగారు యథాప్రకారము భావనయ్య యరుగెక్కిరి. లోపల మగ్గము మ్రోయుచునేయుండెను. ఆయన పుస్తకము తెఱచి మగ్గము అని వ్రాసి సిరా కొఱకు కలము ముంచుచుండగా చప్పుడు మందగించెను. ఒక దెబ్బ పడెను. చాలసేపటికి మఱియొకటి పడెను. పిమ్మట నిశ్శబ్దము. పోగు తెగియుండును, ముడివేయుచుండునని ఆయన వేచెను. పది పోగులు ముడివేయునంత కాలము గడచెను. భావనయ్యా యని పిలిచెను. ఉలుకు లేదు పలుకు లేదు. ఇరువదియేండ్లలో నెన్నడును చేయనిపని నాడు చేసి పంతులుగారు చెప్పులు విడిచి గడప దాటిరి.

మగ్గపుగుంటలో కాళ్ళు వ్రేలవైచుకొని భావనయ్య ముందునకు వాలియుండెను. ప్రాణము పోయియుండెను. కుడిచేతిలో అడ్డపోగు నడుపు నాడె యుండెను గాని నాడెలో నూలుకండె లేదు. మగ్గముమీద పడుగు లేదు. వస్త్రము లేదు. ఒక్క పోగైనను లేదు. ఎనిమిది నెలలుగా, పోగులను దగ్గఱకు కొట్టు అచ్చుపలక వట్టిదూలమును కొట్టి కొట్టి అఱచేయి పట్టునంత గుంట పడియుండెను. ఆ పొడిచప్పుడేమో పంతులుగారికి అప్పు డర్థమయ్యెను.

కబురందిన తిరుపతమ్మ వచ్చెను. బిగ్గరగా నేడువలేదు. మామగారి వ్రేళ్ళు ఒక్కొక్కటియే విప్పి నాడె తీసికొని ఒడిలో పెట్టుకొని కూర్చుండెను.

“వట్టి నాడె తోస్తుండేవాడు బాబుగారూ. వద్దు మావా, ఒంట్లో సత్తువ లేదు, ఊరుకో అంటే వినేవాడు కాదు. పంతులుగారికి మాటిచ్చానమ్మా అనేవాడు.”

వేలకొలది బట్టలు నేసినవాని యింట కళేబరముపై కప్పుటకు గజము కొత్తబట్ట లేకపోయెను. పంతులుగారు తమ భుజముమీది యెఱ్ఱయంచు ఉత్తరీయము తీసి ముదుసలిపై పఱచి పాదములదాక సవరించిరి. ఇరువదియేండ్లు గడచినను దానిలో నొక్క పోగైనను సడలలేదు.

కర్మాంతరములు గడచిన పిదప పంతులుగారు తాము వ్రాసి సంఘముద్ర వేయించిన యుత్తరువొకటి పట్టుకొని వచ్చిరి. నిబంధనలో నొక్క యక్షరమును మార్చలేదు. నేతవారి నిలుకడకై పుట్టిన యీ నిబంధనను నేతకుటుంబము పొట్టపోసికొనుటకు చేయు చిన్నపనికి అడ్డము పెట్టరాదు, మగ్గము నిలిచినదని అట్టివారిని ఇల్లు వెడలింపరాదు. నేతకు హాని చేయు వర్తకమునే యది యాపును, అని దాని భావమును మాత్రము వివరించిరి. ఆ వివరణకు వారికి పట్టినది అరగడియ.

“ఇక నీవు నిర్భయముగా పొయ్యి వెలిగించుకొనుమమ్మా. ఇల్లు నీదే.”

తిరుపతమ్మ కాగితమును రెండు చేతులతో నందుకొని చదువురాని కన్నులతో చాలసేపు చూచెను.

“ఇన్నాళ్ళూ ఈ మాట మీ చేతిలోనే ఉందా బాబుగారూ?”

ఆమె కోపముతో ననలేదు. తెలిసికొనుటకే యడిగెను. పంతులుగారు తలవాల్చుకొని అరుగు దిగిరి.

మఱునాటి యుదయమున ఆ యింట పొయ్యి వెలిగెను. దాని వెనుక నూనెకొట్టును రాలేదు గానుగయును రాలేదు. కంచె వేసినవానికి అది పైరుకొఱకని గుర్తున్నంతవఱకే కంచె మేలుచేయును. ఈ సంగతి పంతులుగారు తరువాత పెక్కుమందికి చెప్పిరి.

ఏకాంతమున నున్నపుడు ఆయన ఆ చేతిపుస్తకము తెఱచి భావనయ్య యింటి కడపటి పుటను చూచుచుండును. మగ్గము నడుచుచున్నదని ఎనిమిది పంక్తులు. వానిలో నొక్కటియు నసత్యము కాదు. తొమ్మిదవ పంక్తిలో మగ్గము అను నొక్క మాటయే యున్నది. ఆయన దానిని పూరింపనులేదు, కొట్టివేయనులేదు.