అరుణజ్యోతి పేజీ

చైతన్యపురి గల్లీలోని ఆడపిల్లల హాస్టల్లో పొద్దున ఐదింటికి ఎలీశమ్మ ముందు పాలు పొయ్యి మీద పెడుతుంది. తర్వాత చింతపండు నానేస్తుంది. ఆ తర్వాత బియ్యం డబ్బా మీదున్న పొడుగు నోటుబుక్కు తీసి ఎవరెవరి పేజీలు మారాయో చూస్తుంది. నాలుగు పేజీల్లో 'మళ్లీ ఉప్మానా' అని కనిపిస్తే ఆ రోజు ఉప్మా ఉండదు.

ఆ బుక్కు చేసిచ్చింది సాధన. కోదాడ నుంచి కంప్యూటర్ కోర్సుకు వచ్చిన పిల్ల. ఖాళీ చేసి పోయే ముందు స్నేహితులందరితో స్లామ్ బుక్కు రాయించుకుంటూ, "నీకు గూడ ఒకటుండాలె అక్కా" అని నోటుబుక్కుకు గీతలు కొట్టి, ప్రతి పేజీలో అవే ఐదు మాటలు రాసింది. సినిమా. పాట. రాణివైతే. ప్రయాణం. రోజు.

అప్పటినుంచి హాస్టల్లో చేరిన ప్రతి పిల్లా ఒక పేజీ రాస్తుంది. ఒక్కసారి రాస్తే చాలు. వాళ్ల మనసు మారినప్పుడల్లా పేజీ కూడా మారుతుంది, వాళ్ల చేతిరాతతోనే, వాళ్లు వాడిన సిరాతోనే. పాత మాట పోయి కొత్త మాట వస్తుంది. హాస్టల్ వదిలి ఎన్నేళ్లయినా అంతే. పెళ్లయి కరీంనగర్ పోయిన పిల్ల 'సినిమా' దగ్గర ఇప్పుడు 'మావాడు చూసే ఏనుగుల బొమ్మల సినిమా, రోజుకు మూడుసార్లు' అని ఉంటుంది. ఇంకో పిల్ల 'రాణివైతే' దగ్గర పదేళ్లుగా ఒకటే మాట: 'ముందు మా ఆడబిడ్డను పక్క రాజ్యానికి పంపిస్త.'

ఊళ్ల నుంచి వచ్చిన తల్లులు సంచి కింద పెట్టి, "మా పిల్ల పేజీ జర చూపియ్యి" అంటారు. హాస్టల్ ఓనరు ఇంద్రాణి గుంటూరు వైపు మనిషి. ఆమె కూడా నెలాఖరున వంటింట్లోకి తొంగిచూసి, "మూడో నంబరు రూము అమ్మాయి ఖాళీ చేసేలా ఉందా ఎలీశమ్మా? ప్రయాణం దగ్గర ఏం రాసుందో చూసి చెప్పు," అంటుంది.

ఎలీశమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నల్గొండ దగ్గర పల్లెలో, ఒకే గదిలో ఐదు తరగతులు కూర్చుని గొంతెత్తి చదివిన చదువు. అందుకని లోపల్లోపల చదువుకోవడం ఆమెకు రాలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి అంటేనే మాట అర్థమవుతుంది. చర్చిలో కూడా వాక్యం చదివేటప్పుడు పక్కామె మోచేత్తో పొడుస్తుంది.

ఆ చదువే పదిహేడేళ్ల కింద ఒక పిల్ల బతుకును తిప్పేసింది.

ఆ పిల్ల అరుణజ్యోతి. టీచర్ ఉద్యోగం కోసం డీఎస్సీ కోచింగ్‌కు వచ్చింది. హాస్టల్లో ఉన్న అన్నేళ్లలో ఎలీశమ్మ నోరు విప్పి మాట్లాడింది ఆ పిల్లతోనే. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ బస్సెక్కేవాళ్లు. ఒకసారి సినిమాకూ పోయారు. చర్చివాళ్లెవరైనా చూస్తారని ఎలీశమ్మ కొంగు నెత్తి మీద కప్పుకుని కూర్చుంది. బయటికొచ్చాక అరుణజ్యోతి ఎట్లుందని అడిగితే, "ఆ తల్లి ఏడ్చేటప్పుడు పాట పెట్టకుంటే బాగుండు. ఏడ్వనియ్యాలె గదా," అంది. అరుణజ్యోతి రోడ్డు మీదే ఆగి, "అక్కా, నువ్వు పేపర్ల రాయాలె," అని నవ్వింది. ఎలీశమ్మ అభిప్రాయం ఒకరు అడగడం, ఆమె చెప్పడం, అంతకుముందు లేదు. ఆ తర్వాతా లేదు.

ఆ ఏడు సంక్రాంతి సెలవులు అయిపోయాక అరుణజ్యోతి తండ్రి అంతయ్య వచ్చాడు. మగవాళ్లు గ్రిల్లు దాటి లోపలికి రాకూడదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అరుణజ్యోతి క్లాసుకు పోయింది. వంటింటి కిటికీ వరండాలోకే ఉంటుంది.

"మా బిడ్డ మంచిగ చదువుతున్నదామ్మ?" అని అడిగాడు.

మంచి మాట ఏదైనా చెబుదామని ఎలీశమ్మ బుక్కు తీసింది. ముందు తాను చూసుకుని తర్వాత చెబుదామనుకుంది. వేలు పెట్టి చదివింది. "ప్ర-యా-ణం. వి-జ-య్ కు-మా-ర్ తో-టి. ఎ-క్క-డి-కై-నా స-రే." చివరి అక్షరం నోట్లోంచి వచ్చాకే ఆమెకు అర్థమైంది. కిటికీ అవతల కుర్చీ కిర్రుమంది.

సాయంత్రానికి అరుణజ్యోతి పెట్టె ఆటో ఎక్కింది. నెల తిరిగేసరికి పెళ్లయింది. పరీక్ష ఇరవై రోజుల్లో ఉండగా.

ఎవరు చెప్పారో అరుణజ్యోతికి తెలియదు. ఎలీశమ్మ చెప్పలేదు. పేజీ మాత్రం చూస్తూ వచ్చింది. మొదటి ఏడాది 'సినిమా' ఖాళీ అయింది. తర్వాత 'టీవీలో ఏదొస్తే అది' అని వచ్చింది. 'పాట' దగ్గర తెల్ల కాగితం మిగిలింది. 'రాణివైతే' దగ్గర 'తెల్వదు'. 'ప్రయాణం' దగ్గర 'పెండ్లిళ్లకు'. 'రోజు' దగ్గర ఎప్పుడూ వంటా, బట్టలూ, ఇంటి పక్కన పిండిగిర్ని సప్పుడూ. తుర్కయంజాల్‌లో ఉంటుందని సాధన ఎప్పుడో ఫోన్లో చెప్పింది. బస్సులో ముప్పావు గంట దూరం. పదిహేడేళ్లలో ఎలీశమ్మ ఆ బస్సు ఎక్కలేదు.

ఈ మధ్య ఒక పొద్దున పేజీలో కొత్త మాట వచ్చింది. 'రోజు: డీఎస్సీ పడ్డదని పేపర్ల చూసిన. ఆ పేపరే అల్మారల పరిచి పప్పు డబ్బాలు పెట్టిన.' ఎలీశమ్మ రెండుసార్లు చదివింది. అరుణజ్యోతికి నలభై నాలుగు నిండాయి. వయసు ఇంకొక్కసారికి సరిపోతుంది. తర్వాతి దానికి దాటిపోతుంది. ఆ లెక్కలు పదిహేడేళ్లుగా హాస్టల్ పిల్లల నోట వినీ వినీ ఆమెకు కంఠతా వచ్చు. పది రోజులు పేజీ మళ్లీ వంటా బట్టలే. పదకొండో రోజు పొద్దున మూడే మాటలు: 'ఇయ్యాల ఆఖరు తారీఖు.'

ఎలీశమ్మ పొయ్యి బందు చేసింది. ఇంద్రాణి దగ్గరికి పోయి, "మేడం, మధ్యాహ్నానికి పులిహోర కలిపి పెట్టిన. నేను పోయొస్త," అంది.

"ఎక్కడికి? నువ్వా?" అంది ఇంద్రాణి. ఎలీశమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది.

ఎల్బీనగర్‌లో బస్సు మారింది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టి, "ఏడ దిగుతవమ్మా?" అంటే, తుర్కయంజాల్ అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఊళ్లో పిండిగిర్ని అడుక్కుంటూ పోతే దాని పక్క ఇల్లు దొరికింది.

తలుపు తీసింది అత్త ఈరమ్మ. అరుణజ్యోతి కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. చాలాసేపు చూసి, "ఎలీశమ్మక్కా," అంది. "కూసో."

"కూసుంటె చెప్పలేను," అంది ఎలీశమ్మ. "ఆ రోజు మీ నాయిన నా నోటెంబడే విన్నడు. నీ పేజీ నేనే చదివిన. పైకి."

అరుణజ్యోతి చేతిలో కాయ అట్లాగే ఉంది. "విజయ్ కుమార్ చెప్పిండనుకున్న," అంది. "నాతోటి పెండ్లి ఇష్టం లేక మా నాయినకు చెప్పిండని. అతను ఫోన్ చేస్తె ఎత్తలే. రెండు నెలలు చేసిండు."

"తెల్వదు నాకది."

"నువ్వు ఆ రోజే ఒక్క మాట చెప్తె అయిపోవు. పదిహేడేండ్లు ఏం చేసినవక్కా?"

"భయపడ్డ."

"పో," అంది అరుణజ్యోతి. అరవలేదు. కాయల బుట్ట దగ్గరికి లాక్కుంది.

ఎలీశమ్మ సంచిలోంచి బుక్కు తీసి ఆమె ముందు పెట్టింది. "ఒక్కసారి చూసి ఇయ్యి. పోత."

అరుణజ్యోతి తన పేజీ చూసింది. తన చేతిరాతలోని 'తెల్వదు' మీద వేలు పెట్టింది. "ముందు ఏం రాసిన్నో గూడ నాకు యాదికి లేదు," అంది.

"నాకున్నది," అంది ఎలీశమ్మ. నిలబడే చెప్పింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివిన మాటలు, ఎక్కడికీ పోలేదు. "సినిమా. ఇంటర్వెల్ దాకనే బాగుంటది. అటెన్క హీరోకు తప్ప ఎవ్వలికి పనుండదు. పాట. పెండ్లి బ్యాండోళ్లు వాయించేది. ఊపిరి అయిపోయినకాడ ఆగుతరు గాబట్టి సినిమాలో కన్న అదే నయం. రాణినైతే కోట కిరాయికిచ్చి బస్సు పాసు తీసుకుంట. ఏనుగు మీద కూసుంటె కిటికీ ఉండది."

అరుణజ్యోతికి నవ్వొచ్చింది. ఆపుకుంది గానీ ఆగలేదు. మంచం మీద ఈరమ్మ కూడా నవ్వింది. "నిజమే గదా. ఏనుగుకు కిటికీ ఏడుంటది?" అంది.

"నీ మీద కోపం పోలే నాకు," అంది అరుణజ్యోతి కళ్లు తుడుచుకుంటూ.

"ఉంచుకో. ఐదింటి దాక టైమున్నది. ముందు ఫారం నింపు."

"ఇన్నేండ్లయింది. ఏమొస్తది నాకు? పుస్తకాలు మారినయి. ఈయన లారీ మీద నాగపూర్ పోయిండు, వచ్చినంక ఏమంటడో..." అంటూ పేజీ వైపు చూసి ఆగిపోయింది. 'ప్రయాణం' దగ్గర 'పెండ్లిళ్లకు' అన్న మాట పలచబడి పోయింది. దాని చోట ఆమె రాతే, ఇంకా తడిగా: 'ఎల్బీనగర్ దాక.'

ముగ్గురూ ఆ మాటను చూశారు. ఈరమ్మకు చదువు రాదు, అయినా చూసింది.

"ఎల్బీనగర్ ఎందుకు? ఈడ లేదా నెట్టు?" అంది అత్త, కోడలు విషయం చెప్పాక.

"ఈడి నెట్ సెంటరాయన మీ కొడుకు దోస్తు అత్తమ్మ. ఫారం కన్న ముందు ముచ్చట పోతది."

"అయితె ఆడికే పో. నా కొడుకుకు నేను చెప్త. వాడు లారీ కొంట అన్నప్పుడు నన్నడిగిండా?"

అరుణజ్యోతి బీరువాలోంచి సర్టిఫికెట్ల కవరు తీసింది. చీర మార్చుకోలేదు. గేటు దాకా పోయి వెనక్కి చూసి, "చాయ్ పెట్టుకోని తాగు అక్కా. చెక్కర కింది డబ్బాల ఉన్నది," అని పోయింది.

ఎలీశమ్మ చాయ్ పెట్టింది. బుక్కు మధ్యలో తెరిచి పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఎలీశమ్మ వేలు పెట్టి పైకి చదువుతుంటే ఈరమ్మ వింటోంది. 'రోజు: బస్సు నిండ జనం. నిలబడ్డ.' కాసేపటికి, 'రోజు: లైన్ల పదకొండో దాన్ని.' మూడున్నరకు, 'రోజు: ఫోటో దిగిన. కండ్లు మూసిన. మళ్ల దిగుమన్నరు.'

"బొట్టు సక్కగ పెట్టుకొమ్మను," అంది ఈరమ్మ.

"ఇది మనకు చెప్తది గని, మనం చెప్పేది ఇనది పెద్దమ్మా."

నాలుగుంబావుకు, 'రోజు: సర్వర్ డౌన్.' అంటే ఏందని ఈరమ్మ అడిగింది. హాస్టల్ పిల్లలు ఆ మాట అన్నప్పుడు అన్నం సరిగ్గా తినరని మాత్రమే ఎలీశమ్మకు తెలుసు. నాలుగున్నర దాటింది. పేజీ మారలేదు. పక్కింటి గిర్ని ఆగింది. నాలుగూ నలభై ఐదుకు ఆ మాట కూడా చెరిగి, గడి తెల్లగా అయిపోయింది. ఎలీశమ్మ పెదాలు కదిలాయి. ప్రార్థన కూడా ఆమెకు పైకే వస్తుంది. ఈరమ్మ అడ్డం చెప్పలేదు.

ఐదుకు ఎనిమిది నిమిషాలుందనగా సిరా వచ్చింది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఒక్కొక్కటే తేలుతుంటే ఎలీశమ్మ ఒక్కొక్కటే చదివింది.

"ఫా-రం చే-రిం-ది."

ఈరమ్మ పేజీ మీదికి వంగింది. "పరీక్ష ఎప్పుడంట?" అంది.

"అది ఇంక రాయలే."

"రెండు నెల్లన్న ఉంటది," అంది ఈరమ్మ. మంచం దిగి, మోకాళ్లు పట్టుకుని కింద కూర్చుని, సగం ఒలిచిన చిక్కుడుకాయల బుట్టను తన ఒళ్లోకి లాక్కుంది.