తలుపు వెనక తడి బట్టలు

"మళ్లీ బాల్కనీలో ఆరేశావా?" వంటింట్లోంచి అమ్మ అలా అడగడం ఆ పొద్దున మూడోసారి.

"బాత్రూం తలుపు వెనక ఆరేస్తే ముక్కిపోయిన వాసనొస్తోందమ్మా! నిన్న స్విమ్మింగ్ పూల్‌లో నా పక్కనున్నావిడ ముక్కు మూసుకుని అటు జరిగిపోయింది," అంది అక్క, చేతిలో క్లిప్పులు గలగలలాడిస్తూ.

"జరిగితే జరగనీ. ఆ స్విమ్ సూట్ దాని కంటపడకూడదు."

"గొడవెందుకు వదినా, నా నెత్తిన ఆరేయమనండి. ఎండా గాలీ అడ్డు లేకుండా తగిలే చోటు ఈ ఇంట్లో అదొక్కటే," అన్నాడు బాబాయి, తన బట్టతల నిమురుకుంటూ.

"దాని" అంటే చెల్లి. ఆ చెల్లి పక్కగదిలోనే టీ కప్పు పట్టుకుని కూర్చుని అంతా వింటోంది.

అక్కాచెల్లెళ్లు కవలలు. పోయిన వానాకాలం ఇద్దరూ ఎక్కిన పడవ తిరగబడింది. ఆ బోర్లాపడ్డ పడవ కింద, చీకట్లో, ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఊపిరికోసం కొట్టుకున్నారు. బయటికి లాగినవాళ్లు ఇద్దరినీ ఒకే దుప్పట్లో చుట్టారు. నెల తిరక్కుండా అక్క మళ్లీ ఈతకి వెళ్లింది. చెల్లి మాత్రం నీళ్లు మోకాలు దాటితే వెనక్కి తిరిగి గట్టెక్కేస్తోంది. ఇద్దరిలో బాగా ఈదేది ఆమే. నాన్న ఆమెని "చేపపిల్లా" అని పిలిచేవాడు. ఇప్పుడు "అమ్మలూ" అంటున్నాడు. టీవీలో నది కనిపిస్తే చాలు, చటుక్కున చానల్ మార్చేస్తాడు. గోడమీద సముద్రం బొమ్మున్న క్యాలెండర్‌ని అమ్మ తిరగేసి తగిలించింది. అందుకని ఆ ఇంట్లో తేదీ ఎవరికీ తెలియదు.

వాళ్లు దాచింది ఆమెకి భయమున్న నీళ్లని. ఆమె బెంగ కూడా ఆ నీళ్లమీదే.

అక్క ఈతనుంచి రాగానే తడిజుట్టులో వచ్చే ఆ క్లోరిన్ వాసన కోసం చెల్లి కావాలని దగ్గరగా నడిచేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బాత్రూం తలుపు మూసి, ఆ ముక్కిపోయిన స్విమ్ సూట్‌లో ముఖం దాచుకునేది. నీళ్లడుగున తన బుడగల చప్పుడు తప్ప మరేమీ వినపడని ఆ నిశ్శబ్దం, అవతలి గోడ తాకి ఇద్దరూ ఒకేసారి తల పైకెత్తి పకపకా నవ్వడం... అవన్నీ అక్కడే, ఆ తడిగుడ్డలో ఉన్నట్టుండేది.

భయాల మీద పరిశోధన చేసే మేడమ్ ఒకావిడ, వీళ్లు కవలలని తెలిసి ఇద్దరినీ పిలిపించింది. తెరమీద పసుపు రంగు చుక్క కనిపించినప్పుడల్లా వేలికి సన్నగా షాక్ తగిలేది. తర్వాత చుక్క వచ్చినా షాక్ ఇవ్వడం ఆపేశారు. మర్నాడు మళ్లీ చుక్క చూపిస్తే అక్క వేళ్లు పొడిగా ఉన్నాయి. చెల్లి వేళ్లు చెమటతో జారిపోయాయి.

"నేను పిరికిదాన్నా మేడమ్?"

"కాదమ్మా. నేర్చుకున్న భయం చెరిగిపోదు, ఎవరికీ. 'ఇప్పుడేం కాదులే' అనే కొత్త పాఠం దానిమీద పడుతుందంతే. నుదుటి వెనకున్న మెదడు భాగం ఆ పాఠం గుర్తుచేస్తూ, లోపల భయం పుట్టే బాదంగింజంత చోటుకి సర్దిచెబుతుంటుంది. ఆ గొంతు మీ అక్కలో గట్టిగా ఉంది. నీలో మెల్లగా ఉంది. ఎక్కువసార్లు చెప్పించాలి."

"పోయినవారం ఇంట్లో చెప్పకుండా పూల్‌కి వెళ్లి, అక్క చెయ్యి పట్టుకుంటే ఛాతీదాకా దిగాను. జుట్టు ముడేసుకోవడానికి అది చెయ్యి వదిలిందో లేదో, మళ్లీ మొదటికొచ్చింది."

మేడమ్ తల అడ్డంగా ఊపింది. "చెయ్యి ఉంది కాబట్టి ఏం కాలేదనుకుంటోంది నీ మెదడు. నీళ్లవల్ల ఏం కాదని అదెప్పుడు తెలుసుకోవాలి మరి?"

ఆ మాట చెల్లి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ చెయ్యి వద్దని అక్కతో ఏ నోటితో అంటుంది? పడవ కింద తన జుట్టు వదలని చెయ్యి అదే.

టీ చల్లారిపోయింది. వంటింట్లో గొడవ ఇంకా తెగలేదు. చెల్లి లేచి, బీరువా అడుగునుంచి తన స్విమ్ సూట్ తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. దాన్ని పట్టుకుని, అందరి ముందునుంచే బాల్కనీలోకి నడిచి, అక్క స్విమ్ సూట్ పక్కన ఎండలో ఆరేసింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నాన్న పేపరు దించాడు.

"రేపు పొద్దున పూల్‌కి వెళ్తున్నాను," అంది చెల్లి, క్లిప్పు పెడుతూ. "లోతు తక్కువ వైపే. ఈత మాస్టారు గట్టుమీద ఉంటారు. నువ్వు రావద్దక్కా. ఎల్లుండి కూడా వద్దు. ఇద్దరం కలిసి అవతలి గోడ తాకాలని ఉందే నాకు... అందుకే, కొన్నాళ్లు ఒక్కదాన్నే వెళ్తాను."