సన్యాసమ్మ గొంతు తాగిన గోమారి

పొద్దున్నే పాలు పితికేముందు ఆవు చెవుల వెనక, తోక మొదట్లో గోమార్లు ఏరి కిరసనాయిలు డబ్బాలో వెయ్యడం సన్యాసమ్మకి అలవాటు. ఎవరి నెత్తురు తాగితే వాళ్ళ ధోరణిలోనే మాట్లాడతాయి గోమార్లు. ఆవు మీదవి గడ్డి గురించీ కుడితి గురించీ సణుగుతాయి గనక వాటిని ఎవరూ చెవిన పెట్టరు.

ఆ వేసవిలో జీడితోటల్లో పిక్కలేరే ఆడవాళ్ళకి వరసగా జ్వరాలు తగులుకున్నాయి. గోమారి కాటువల్లేనన్నారు. "సన్యాసమ్మ ఆవు తెచ్చిన పీడ ఇది. వచ్చే సంతకి తోలీండి" అని తీర్పు చెప్పేశాడు పెద్ద తోట యజమాని ప్రేమ్‌కుమార్. పురుగు తన తోటలోనే ఉందని తేలితే పిక్కలేరడానికి ఎవరొస్తారు మరి! సన్యాసమ్మకి ఒళ్ళు మండిపోయింది. పిక్కలేరే కూలి చాలక, ఆ పాల మీదే ఆవిడకి పూట గడుస్తోంది.

కరిచిన గోమారిని నలపకుండా పీకి, ఏ చోట ఉండగా పట్టిందో చీటీ రాసి తెస్తే, అది ఏ జాతిదో తేల్చడానికి పరీక్షకి పంపుతానంది పలాసలో పశువుల డాక్టరమ్మ ప్రమోదిని. తన మోకాలి వెనక కరిచినదాన్ని తలనొప్పి మందు సీసాలో తడిదూది మీద బతికించి ఉంచింది సన్యాసమ్మ. ఏ చోట ఉండగా కరిచిందో మాత్రం మర్చిపోయింది. ఈమధ్య అన్నీ అలాగే జారిపోతున్నాయి. ఆ భయంతోనే, కరిచిన రోజే పక్కింటి ప్రవల్లిక చేత చీటీ రాయించి సీసాలో పడేసింది.

బస్సు దిగి ఆస్పత్రికి వెళ్ళేసరికి చీటీలో ఏముందో చూడ్డానికి ప్రేమ్‌కుమార్ ముందే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్రమోదిని చీటీ విప్పింది. తడికి సిరా చెరిగి నీలం మరక. రాసిపెట్టిందెవరో కూడా సన్యాసమ్మకి గుర్తు రాలేదు.

"పెన్నుతో రాయించావా మామ్మా? పెన్సిలయితే చెరగదని చెప్పాను కదా. చోటు రాయకపోతే పరీక్ష చేసేవాళ్ళు తీసుకోరు."

"చోటేటి మేడమ్, దీని ఆవే! నిన్న తిన్న కూరేటో కూడా గుర్తుండదు ముసల్దానికి. స్పిరిట్ పోసీండి, ఆవని రాసీండి," అన్నాడు ప్రేమ్‌కుమార్.

ప్రమోదిని స్పిరిట్ మూత తీసింది.

"ఆగు తల్లీ!" సన్యాసమ్మ బల్ల గుద్దింది. "నాను మర్సిపోనాను. నా నెత్తురు తాగింది మర్సిపోద్దేటి? సంపీసే ముందు దాన్నడుగు. ఏం బాబూ, లేసిపోతన్నావేటి? కూకో. ఇను."

ప్రమోదిని గోమారిని చిమటాతో తీసి గాజు పలక మీద పెట్టింది. "ఎక్కడ పట్టుకున్నావు?"

"పేంకుమారు తోటలో," అంది గోమారి, అచ్చం సన్యాసమ్మ గొంతుతో, అదే కోపంతో. "ఎండుటాకుల్లో పిక్కలేరతన్నాను. ఏదో కరిసింది బాబూ అంటే, నీ ఆవుదే అన్నాడు. ఆవు ఇంటికాడ రాటకి కట్టీసుంది. నా కూడా కూలికొచ్చిందేటి?"

"కొంచెం గట్టిగా," అంది ప్రమోదిని పెన్సిలుతో రాసుకుంటూ. "తోటలో ఏ వైపు?"

"బోరు కాడ."

గోమారి అక్కడితో ఆగలేదు. నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే తల్లి సన్యాసమ్మని చిన్నప్పుడు ఏ ముద్దుపేరుతో పిలిచేదో అదీ చెప్పింది. సన్యాసమ్మ పెదవులు కదిపి ఆ పేరు ఒకసారి పలుక్కుంది.

"బతికున్నదాన్ని పంపకూడదు మామ్మా," అంది ప్రమోదిని మెల్లిగా.

"ఇలా తే." సన్యాసమ్మ తనే స్పిరిట్ పోసింది.

తిరిగొచ్చి ఊళ్ళో బస్సు దిగేసరికి ఆ పేరు పోయింది. పలాస ఎందుకెళ్ళిందో అదీ పోయింది.

సంత రోజుకి ముందే ఫలితం వచ్చింది. అది ఆకుల్లో బతికే జాతి, ఆవుల మీద ఉండేది కాదు. ప్రమోదిని స్వయంగా వచ్చి తోటకి మందు కొట్టించింది. ఆవు రాట దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న ప్రేమ్‌కుమార్ తలొంచుకుని వీధిలో పోతుంటే సన్యాసమ్మ ప్రవల్లికని పిలిచింది.

"ఈడ్ని సూత్తే నాకెందుకే ఇంత మంట?"

"అయ్యో, గుర్తు లేదేటి మామ్మా? సెప్పనా?"

"ఒద్దు. మంట ఉంది సాలు," అని చెంబు తీసుకుని ఆవు పక్కన కూర్చుంది.