డిస్కులో చిక్కిన చరణం

విజయనగరంలో సంగీతం చెప్పినన్నాళ్లూ చంద్రశేఖరంగారు తన కీర్తన ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. రాసుకుంటే చెవి బద్ధకిస్తుందని ఆయన చాదస్తం. ఆ చాదస్తానికి ఫలితం ఇప్పుడు కూతురు శ్రీలలిత అనుభవిస్తోంది. నాన్నగారి కాంభోజి కీర్తనలో పల్లవి వచ్చు, అనుపల్లవి వచ్చు. చరణం మాత్రం ఆమెకే కాదు, భూమ్మీద ఎవరికీ రాదు.

ఉన్నదల్లా ఒక్కచోటే, తమ్ముడు అనంతకృష్ణ చదువుకునే రోజుల్లో పోరుపెట్టి కొనిపించుకున్న పాత కంప్యూటర్లో. అప్పట్లో సరదాకి నాన్నని మైకు ముందు కూర్చోబెట్టి పాడించాడు. తర్వాత ఆ పెట్టె అటకెక్కింది, ఆయన కాలం చేశారు. పాత కంప్యూటర్లంటే పడిచచ్చే అనంతకృష్ణ ఇన్నాళ్లకు దాన్ని దించి, నానా తిప్పలు పడి బతికించాడు.

బతకడమైతే బతికింది గానీ, ఒళ్లు చల్లగా ఉన్నంతసేపే. హార్డ్ డిస్కు కాస్త వేడెక్కిందా, మూలిగి ఆగిపోతుంది. పాటను కొత్త మెమరీ కార్డులోకి ఎత్తుదామంటే నత్తనడక. మొదటిసారి సగంలో ఆగింది. చల్లారాక మళ్లీ వేస్తే ఇంకా ముందే ఆగింది. ఈ లెక్కన ఇంకోసారి తిరిగితే గొప్పే.

“మధ్యలోంచి ఎత్తరాదేట్రా?” అంది శ్రీలలిత.

“పాటంతా ఒకచోట లేదక్కా. ముక్కలు ముక్కలుగా డిస్కంతా చెదిరిపోయి ఉన్నాది. మొత్తం వస్తేనే పాట.”

“అయితే మరంత నిదానమేటి? తిరగడం లేదా?”

“తిరగడం గాలిలా తిరుగుతాది. చక్రం మీద ఒక్కో చుట్టులో కొన్ని ముక్కలు పక్కపక్కనే ఉంటాయి కదా, ఒకటి అందుకుని ఈ పెట్టె సర్దుకునేలోగా పక్కది దాటిపోతాది. మళ్లీ చుట్టంతా తిరిగొచ్చేదాకా కాసుకుని కూచోవాలి. ఒక్కో ముక్కకీ ఇదే భాగోతం.”

శ్రీలలితకు అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. “నా దగ్గర పాట నేర్చుకునే కొత్త పిల్లలూ ఇంతేరా. స్వరం సరిచూసుకుంటూ కూచుంటారు, ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోతాది. ఇంక తాళం చుట్టు తిరిగి ఆవర్తనం మళ్లీ మొదటికొచ్చేదాకా నోరు తెరుచుకుని చూడ్డమే.”

“వాళ్లకేటి చెప్తావు?”

“సర్దుకోవడం తర్వాత, ముందు ఆవర్తనమంతా ఒక్క గుక్కలో చెవిలో వేసుకోమంటాను. నాన్నగారు మాకు అలాగే చెప్పేవారు.”

 అనంతకృష్ణ చటుక్కున కీబోర్డు ముందేసుకున్నాడు. ముక్క ముక్కకూ ఆగకుండా, చుట్టు చుట్టంతా ఒకేసారి మింగి, తీరిగ్గా విడదీసుకునేలా చిన్న ప్రోగ్రాం రాశాడు. రాస్తున్నంతసేపూ గొణుక్కుంటూనే ఉన్నాడు, పిలిస్తే పలకలేదు.

మర్నాడు పొద్దున్నే మీట నొక్కాడు. నిన్నటిదాకా ఈసురోమంటూ టిక్కు టిక్కుమన్న డిస్కు, తాటాకు మీద వాన పడ్డట్టు గలగలా మొదలెట్టింది.  అదే చక్రం, అదే పెట్టె. నాన్నగారి పాఠం విని బుద్ధి తెచ్చుకుందా ఏమిటిది అనుకుంది శ్రీలలిత. చూస్తూ ఉండగానే పాటంతా కార్డులోకి చేరిపోయింది.

మళ్లీ లేస్తుందో లేదోనని డిస్కును అలాగే తిరగనిచ్చి, అనంతకృష్ణ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాడు. గొంతు సవరించుకున్న చప్పుడు. “ఒరే అనంతూ, ఎత్తుకోమంటావా?” అన్న మాట. ఆ పిలుపుకే ఇద్దరి కళ్లూ నిండాయి. పల్లవి నడిచింది, అనుపల్లవి నడిచింది.

చరణం వచ్చింది. అది పైకి ఎగురుతుందని శ్రీలలిత ఇన్నేళ్లూ ఊహించుకుంది. ఆయన మంద్రంలోకి దిగారు. ఇంకా దిగారు. మనిషి గొంతులో అంత లోతు ఉంటుందా అని ఆమె ఊపిరి బిగబట్టింది.

పక్కన పాత పెట్టె ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. అనంతకృష్ణ గాభరాగా లేచాడు. “అక్కా, డిస్కు పోయింది.”

“నాన్నగారు పాడతన్నారు,” అంది శ్రీలలిత కళ్లు తెరవకుండానే. “కూచో.”

అనంతకృష్ణ నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.