తూటాల బల్ల

ఇవాళైనా చెప్పెయ్యాలి, కాఫీ తాగేటప్పుడు చెబుదామనుకుంది, గబగబా తాగేసి షెడ్డులోకి పోయాడు, చెక్కలు కోసేటప్పుడు చెబుదామనుకుంది, రంపం మోతలో ఏం వినపడుతుంది, ఇప్పుడు తూటాలు నింపుకునే కొత్త బల్ల కాళ్ళని గోడకి బిగిస్తున్నాడు, నోట్లో స్క్రూలు పెట్టుకునే మాట్లాడతాడు, గట్టిగా పట్టుకోవే ఆర్డిస్, నిద్రపోతున్నావా ఏంటి, పట్టుకునే ఉన్నానయ్యా మహానుభావా, ముందు నువ్వు గోడ పడగొట్టకుండా చూడు, నవ్వాడు హార్లన్, ఆ నవ్వు మటుకు ఇసుమంతైనా మారలేదు, పెళ్ళికి ముందు మొదటిసారి ఎల్క్ దుప్పుల వేటకి తీసుకెళ్ళినప్పుడు మంచులో జారిపడి ఇలాగే నవ్వాడు, అయ్యో దేవుడా, మనిషి అంతా అలాగే ఉండి లోపల ఒక్కొక్కటీ జారిపోతుంటే ఎవరితో చెప్పుకోవాలి.

రసమట్టం పెట్టి చూస్తున్నాడు, బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది, చేతులకి అన్నీ గుర్తున్నాయి, రెండు ప్లైవుడ్ పలకలు ఒకదానిమీద ఒకటి అతికించాలనీ, తూటాలు నొక్కే ప్రెస్ వచ్చేచోట కింద ఇంకో అడ్డకర్ర బిగించాలనీ, మరి పోయిన వేసవిలో పాత ఇంట్లో ఏమైంది ఆ జ్ఞాపకం, బల్ల మీద రెండు రకాల తుపాకిమందు డబ్బాలు, రెండింటికీ మూతల్లేవు, ఇదేంటి హార్లన్ రెండు తీశావు అంటే, ఒకటేగా తీశాను అన్నాడు, రెండింటి వంకా చూస్తూనే, బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉండాలే, మందు మారిందా తుపాకీ మొహం మీదే పేలుతుంది అని పెళ్ళైన కొత్తలో ఆమెకి నేర్పిన మనిషి, పక్కన వరసగా పేర్చిన తూటాలు, దేంట్లో ఏ మందు పోశాడో ఎవరికి తెలుసు, అతను నిద్రపోయాక అన్నీ ఒక్కొక్కటే విప్పి, మందు తీసుకెళ్ళి టమాటా మొక్కల మొదట్లో చల్లేసింది, ఈ మోంటానాలో పాడైన మందుకి అందరూ చేసేదదే, ఎరువవుతుంది, పొద్దున్నే తూటాలేవే అని అడుగుతాడేమోనని ఎదురుచూసింది, అడగనే లేదు, అడగకపోయేసరికి ఇంకా భయమేసింది.

ఆ మందు బీరువాకి తాళం వేసి పడెయ్యి వదినా, అన్నయ్య తనంతట తను మానడు, నువ్వే రాక్షసివి అవ్వాలి అంది నెడ్రా ఫోన్లో, ఆడపడుచు కదా, చెప్పడం సులువే, ఈ మనిషి తను నింపిన తూటాతో తప్ప వేటాడి ఎరగడు, కొన్న తూటాని ముట్టుకోడు, ఇది లాగేస్తే ఇంకేం మిగులుతుంది ఇతనికి, లాగెయ్యకపోతే ఆ కళ్ళూ ఆ ముక్కూ మిగుల్తాయా, పాత బల్ల ఊగేది ఆర్డిస్, అందుకే తప్పులొచ్చేవి, ఇది కదలదు చూడు అన్నాడు నిన్న, చెక్క గట్టిదైతే బుర్ర కుదురుకుంటుందా పిచ్చి మనిషీ, ఏడుపొచ్చింది ఆమెకి, స్క్రూల డబ్బా సర్దుతున్నట్టు అటు తిరిగింది.

ప్రెస్ బిగించేశాడు, ఇలా వచ్చి పిడి లాగు, హార్లన్ నీతో ఒక మాట చెప్పాలి, ముందు లాగి చూడవే తర్వాత చెబుదువుగాని, లాగింది, బల్ల ఇంత కూడా కదల్లేదు, మోచెయ్యి హాయిగా వంగింది, భుజం ఎత్తాల్సిన పనే లేకపోయింది, అతనేమో పక్కన నిలబడి పిడి అందుకోవడానికి నడుం వంచుతున్నాడు, అయ్యో కొలత కూడా మర్చిపోయాడు, ఇంత పొడుగు మనిషి ఇంత పొట్టి బల్ల కోసుకున్నాడు, మళ్ళీ కోద్దాంలే హార్లన్, నీకు నడుం పడిపోతుంది, ఇది నాక్కాదే, నీకు, పని చేసేవాళ్ళ మోచేతిని బట్టి కోస్తారు బల్ల, అది మర్చిపోలేదింకా, నేను ఖాళీ తూటా గుల్లలు తుడిచి అందిస్తాను, మందు నువ్వే పొయ్యి, మందు బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో, నేనడిగినా ఇవ్వకు, అరిచినా ఇవ్వకు, అంటూ ఆమె మొహంలోకి చూడకుండా బల్ల మీది రంపంపొట్టు అరచేత్తో తుడుస్తున్నాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు, ఆమె ఆ చెయ్యి పట్టుకుంది, ఇన్నాళ్ళూ ఈ సంగతి తనొక్కతే మోస్తున్నాననుకుంది, అతనికి తనకంటే ముందే తెలుసు.