అమావాస్య నాడు మోగే గిటారు

మా అన్న గిటారు మా ఇంట్లో నెలకు ఒక్కరోజే వినబడేది. కరెంటు ఉంటే నాయన మరమగ్గాలు ఆడుతూ ఉంటాయి. ఆ మోతలో పిడుగు పడినా తెలియదు. కరెంటు పోతే మగ్గాలు ఆగుతాయి, కానీ గిటారుకు తగిలించే సౌండు డబ్బా కూడా మూగబోతుంది. డబ్బా లేకపోతే ఆ గిటారు ఎవరో పక్కగదిలో గొంతు సర్దుకున్నట్టు ఉంటుంది, అంతే. ఎందుకంటే అది బేస్ గిటారు. నాలుగే తీగలు, లావుపాటివి. అమావాస్య నాడు మాత్రం మా ఊరు నగరిలో నేతగాళ్ళు మగ్గం ముట్టరు. ఆ రోజు అన్న వాయిస్తే గోడలు కూడా వింటున్నట్టు ఉండేది.

అన్న పేరు దామోదరం. పగలు మా షెడ్డులో మగ్గాలు నడిపేవాడు. కచేరీ ఉన్న రోజు తిరుపతికి వెళ్ళి జయరామ్ గారి ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఆ గిటారు జపాన్‌ది. మద్రాసు హార్బరులో ఓడ దిగిన ఒకాయన దగ్గర తీసుకున్నాడు. దాని కోసం సైకిలు అమ్మేసి, ఆ తరవాత దాన్ని భుజాన వేసుకుని బస్టాండు దాకా నడిచి వెళ్ళేవాడు. మేం నేసిన కైలీ లుంగీల గుడ్డతోనే అమ్మ దానికి సంచి కుట్టింది. మా ఎండలకు ఇంటి తలుపులే వంకర పోతాయి. దాని మెడ మాత్రం వెంట్రుకవాసి కూడా వంగలేదు.

"ఇది గుర్రం కాదు మే, ఎద్దు," అనేవాడు అన్న. "పాటను మోసేది ఇదే. మోసేటప్పుడు ఎవురూ దీని పక్క సూడరు. నిలబడిపోతే మాత్రం అందురికీ తెలుస్తాది."

చెల్లెలినైన నాకు నేర్పింది కూడా అన్నే. మగ్గాల మోతలో వినబడదు కాబట్టి దవడ ఎముకను గిటారు చెక్కకు ఆనించమన్నాడు. అప్పుడు తీగ మీటితే నాదం పళ్ళలోంచి తలలోకి వస్తుంది. బయట ఎవరితోనూ పెద్దగా మాట్లాడని నాకు, అలా లోపలికి వచ్చి మాట్లాడే ఆ నాదం చాలా నచ్చేది.

ఆ ఏడు మాఘమాసపు అమావాస్య నాడు నేను బడి నుంచి వచ్చేసరికి అన్న వాయించుకుంటున్నాడు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. గిటారు డబ్బాకు తగిలించే ఉంది. అయినా అన్న దవడ చెక్కకు ఆనించే ఉంది. డబ్బాలో ఏదో వైరు ఊడి గుయ్యిమని చెవులు చిల్లులు పడే మోత వస్తోంది. అన్న పట్టించుకోలేదు. వెనక నుంచి పిలిచాను. మళ్ళీ పిలిచాను. ముందుకు వెళ్ళి నిలబడ్డాక నవ్వి, "ఎప్పుడొస్తివి?" అన్నాడు.

మా ఇంట్లో ఇంకెవరికీ అనుమానం రాలేదు. మగ్గాల వాళ్ళం అందరం అరిచే మాట్లాడతాం. పెదాలు చూసి మాట పట్టుకుంటాం, లేకపోతే చేతులతో చెప్పుకుంటాం. రెండు వేళ్ళు విడదీస్తే పోగు తెగిందని, పిడికిలి చూపిస్తే నూలు కండె అయిపోయిందని. అలాంటి ఇంట్లో చెవులు పోయినవాడు ఎవరో ఎలా తెలుస్తుంది?

"జయరామన్నకు తెలిస్తే కత ముగిసె," అన్నాడు అన్న, నేను చెవి చూపించి అడిగితే. "నాయనకు గూడా సెప్పొద్దు. పాటలన్నీ సేతికొచ్చు. డ్రమ్ము దెబ్బ కాళ్ళకు తెలుస్తాది. శ్రుతి మార్చినప్పుడే సిక్కు. పాడేవాళ్ళు జనం పక్క తిరిగుంటారు గదా, పెదాలు కనబడవు."

చంద్రగిరిలో జాతర కచేరీకి నన్ను తీసుకెళ్ళాడు. మా మేనత్త వరదమ్మది ఆ ఊరే కాబట్టి ఇంట్లో ఒప్పుకున్నారు. అన్నకు ఎదురుగా ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చోవాలి. శ్రుతి మారితే వేళ్ళతో చెప్పాలి. నలుగురిలో చెయ్యెత్తడమంటేనే నాకు వణుకు. అయినా ఎత్తాను. పాడే నిర్మలమ్మ గారు గొంతు సవరించుకుని, "శ్రుతి ఒకటిన్నర వద్దు, ఒకటి చాల్లే," అన్నారు. నేను ఒక వేలు చూపించాను. అన్న వేళ్ళు గిటారు మెడ మీద ఒక మెట్టు వెనక్కి జరిగాయి. పాట ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

మూడో పాటకు జయరామ్ గారు మైకులోనే నవ్వారు. "ఏమబ్బా దామోదరం, ఆడోళ్ళ పక్కే సూస్తా ఉండావే! పెండ్లిసూపులా?" జనం గొల్లుమన్నారు. అన్నకు ఆ మాట అందలేదు. జనం నోళ్ళు తెరుచుకోవడం చూసి తనూ నవ్వాడు. జయరామ్ గారు అన్న చూస్తున్న వైపు చూశారు. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. మెల్లగా నడిచి అన్న వెనక్కి వెళ్ళి, "దామోదరం," అన్నారు. తరవాత గట్టిగా పిలిచారు. స్టేజీ మీద అందరూ తిరిగి చూశారు, అన్న తప్ప. అన్న నన్నే చూస్తూ, తరవాతి పాటకు ఏ శ్రుతో చెప్పమన్నట్టు కనుబొమలెత్తాడు. నేను చెయ్యి దించేశాను.

కచేరీ అయ్యాక వ్యాను దగ్గర జయరామ్ గారు అన్న ముందు నిలబడి, పెదాలు కనబడేలా చెప్పారు. "నీ మింద కోపం ల్యా అబ్బా. సెవి ల్యాకుండా స్టేజీ ఎట్ల?" అన్న భుజాన ఉన్న సంచి వైపు చూసి, "గిటారు ఉండనీ. ఇట్లాంటిది మనకు మళ్ళా దొరకదు. ఇంగెవురన్నా వాయిస్తారు," అన్నారు.

"అది నాదిన్నా," అన్నాడు అన్న. బస్సులో నగరి దాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

తరవాతి అమావాస్యకు మగ్గాలు ఆగాయి. కరెంటు ఉంది. అన్న సంచి విప్పి, డబ్బాకు తగిలించి, గిటారు నా మెడలో వేశాడు. తను పక్కన కూర్చుని దవడ చెక్కకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నేను లావు తీగ మీటాను.

"సౌండు పెంచు," అన్నాడు.

పెంచాను. గూట్లో లోటాలు గలగలమన్నాయి. వంటింట్లోంచి అమ్మ, "తగ్గించు మే, ఇల్లు కూలిపోతాది!" అని అరిచింది.

"ఇంగా పెంచు," అన్నాడు అన్న, కళ్ళు తెరవకుండానే.

డబ్బా మీద సౌండు మీట చివరికంటా వచ్చి, ఇక తిరగలేదు.