చెరో హెడ్‌లైటు

మా ఆయనా, ఆయన తమ్ముడూ వేరుపడ్డ రోజు మా చాళ్ బిల్డింగ్ పెద్దమనుషులు వాళ్ళ పాత కార్ల విడిభాగాల దుకాణం సామానంతా గల్లీలో పరిచి పంచారు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికీ కార్ల సంగతి తెలియదు, న్యాయం మాత్రం బాగా తెలుసు. ఈ తలుపు పిడి అన్నకు, ఆ తలుపు పిడి తమ్ముడికి. ఏదో విలాయతీ కారుది ఇత్తడి హెడ్‌లైట్ల జత ఉంటే, అదీ చెరొకటి.

"చెవి కమ్మలు గూడ ఇట్లనే పంచుతరా?" అని అడిగాను. ఆడదానికి ఏం తెలుసన్నారు.

అప్పట్నుంచి ముంబై ఫోరస్ రోడ్ పక్క మా గల్లీలో ఎదురెదురుగా రెండు దుకాణాలు, రెండింట్లోనూ జతలేని సామాన్లు. మా ఆయన రాజమల్లుకూ మా మరిది శంకర్రావుకూ మాటల్లేవు. కొట్లాట ఎందుకొచ్చిందంటే చెరో కథ చెప్తారు. నేను రెండూ నమ్మను.

మొన్న దాదర్ నుంచి తుషార్ అనే మరాఠీ ఆయన వచ్చాడు. తాత కారు బాగుచేయిస్తున్నాడట, సరిగ్గా ఆ హెడ్‌లైట్ల కోసమే ముంబై అంతా తిరిగాడట. నాకు ప్రాణం లేచొచ్చింది. మా బిల్డింగ్ కూలగొడతారంటున్నారు. ఆలోపు అమ్ముకోకపోతే ఈ సరుకంతా తుక్కు కొనే భంగార్‌వాడికి తూకానికి వేయాల్సిందే.

మా ఆయన మాత్రం ఉలకలేదు. "ఎదురుంగ దుకాణంల అడుగు. ఆయనిస్తే నేనిస్త."

తుషార్ గల్లీ దాటి వెళ్ళాడు, తిరిగొచ్చాడు. "అన్న పెద్దవాడు, ముందు ఆయనే ఇవ్వాలంటున్నారు."

"చిన్నోడే ముందియ్యాలె," అన్నాడు మా ఆయన.

మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి చెమటలు తుడుచుకుంటూ నా పక్కన స్టూలు మీద కూలబడి, పిన్నిని అడిగినట్టు అడిగాడు. "మావ్శీ, వీళ్ళకు అసలు అమ్మాలని ఉందా?"

"నాకర్థమైతే నీకు చెప్పనా బేటా," అన్నాను.

ఒళ్ళు మండి, లైటు తీసి తుషార్ చేతిలో పెట్టబోయాను. మా ఆయన లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పిచ్చి లేసిందా నీకు? ఒక్క లైటు పెట్టుకొని ఏం జేస్తవ్?" అని ఆయన మీద అరిచాను.

"ఇది నా తాన ఉంటే జత కోసమన్న తమ్ముడు రావాలె," అన్నాడు. "అమ్మినంక వానికి ఇటు ఏం పనుంటది?"

ఇన్నేళ్ళూ వ్యాపారం చేతకాని మనిషని తిట్టిపోశాను. జాలేసింది, వెంటనే ఇంకా కోపమొచ్చింది. చెయ్యి చాపితే అందే గల్లీకి ఇంత తతంగమా? లైటు గుంజుకుని వెళ్ళి మా మరిది ముందు పెట్టాను.

"మీ అన్న నీకియ్యమన్నడు. పైసలేం వద్దన్నడు." అబద్ధమే.

శంకర్రావు లైటును చూశాడు, నన్ను చూశాడు, గల్లీ అవతల తల వంచుకున్న అన్నను చూశాడు. జత కలిసింది, ఇక తుషార్‌ను పిలవడమే అనుకున్నాను. శంకర్రావు లేచి, అల్మారాలోంచి తన లైటు తీసి నా చేతుల్లో పెట్టాడు.

"అన్న సొమ్ము ఊరికె ఎట్ల తీసుకుంట వదినా? ఇది ఆయనకియ్యి."

అది పట్టుకుని వెనక్కొచ్చాను. తుషార్ ఆశగా ఎదురొచ్చాడు.

"మీ లైటేది?"

"అక్కడుంది."

"మరి ఇది?"

"అక్కడిది."

అతను తల పట్టుకున్నాడు. నాకూ అదే చేయాలనిపించింది.

మా ఆయన తమ్ముడి లైటును తిప్పి తిప్పి చూశాడు. అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండి పెచ్చులూడుతోంది. "ఇట్లనా పెట్టుకునేది? అద్దం ఊడి పడదా?" అని గొణిగాడు. "వానికి రబ్బరు ఎక్కియ్యరాదు. ఎప్పుడు నేనే ఎక్కిచ్చేటోణ్ణి."

డబ్బాలో వెతికి కొత్త రబ్బరు ముక్క తీశాడు. లైటు చంకలో పెట్టుకుని దుకాణం మెట్టు దిగాడు.

"ఏడికి?" అన్నాను.

"వానికి చూపిచ్చొస్త."

తుషార్ మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. గల్లీ అవతల అన్నదమ్ములిద్దరూ ఆ లైటు మీదికి వంగి, రబ్బరు ఎటునుంచి ఎక్కించాలో అప్పుడే గట్టిగా వాదించుకుంటున్నారు.

"ఇప్పుడైనా అమ్ముతారా మావ్శీ?"

"ఇగ అమ్మరేమో బేటా," అన్నాను. చేతికొచ్చిన బేరం పోతుంటే నేనెందుకు నవ్వుతున్నానో, నవ్వుతూ కళ్ళెందుకు తుడుచుకుంటున్నానో పాపం అతనికి అర్థం కాలేదు.